వైర్‌లెస్ కంట్రోలర్ గారికి ఒక లాడ్జి మేనేజరు విన్నపం

మహారాజశ్రీ వైర్‌లెస్ కంట్రోలర్ గారి దివ్యసముఖమునకు,

తిరుపతి రైల్వే స్టేషను దగ్గరి ఒక లాడ్జి మేనేజరు నమస్కరించి చేసుకునే విన్నపం.

అయ్యా, మా లాడ్జిలోని వైఫై పెట్టెలన్నిటి మీదా పెత్తనం చేసే పెద్ద పెట్టె తమరు. మా రిసెప్షను వెనక గదిలో, ఇన్వర్టరు పైఅరలో, పచ్చ లైట్లు వెలిగించుకుని చల్లగా ఉన్నారని తలుస్తాను. చల్లగా ఉండాలనే కదా ఆ గదిలో ఫ్యాను పెట్టించింది. కౌంటరు దగ్గర మాకు ఫ్యాను లేదు, పర్వాలేదు. 204 వాళ్లు వైఫై రావడం లేదని చెప్పడానికి లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చారు. 311 వాళ్లకు ఓటీపీ రాలేదు. సేలం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కౌంటరు మీద ఫోను పెట్టి, "సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు" అని నాకు అర్థమయ్యే దాకా తమిళంలో, తెలుగులో, చివరికి చేతులతో చెప్పారు. లోపలికొచ్చి తమరి డ్యాష్‌బోర్డు చూస్తే అంతా పచ్చగా ఉంది. ‘వైఫై అనుభవం: ఎక్సలెంట్’ అని కూడా ఉంది. ఎవరి అనుభవమో రాయలేదు.

ఇంత హోదా ఉన్న తమరి అధికారం ఎంతవరకు చెల్లుతుందో ఈ మధ్య చదివి తెలుసుకున్నాను. రెండో అంతస్తులో గెస్టు ఫోనుకు ఒక యాక్సెస్ పాయింటు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే చిన్న పెట్టె, పొట్టిగా ‘ఏపీ’, దొరుకుతుంది. మనిషి నాలుగో అంతస్తుకు పోతాడు. నెత్తి మీదే వేరే ఏపీ ఉన్నా, ఫోను ఆ పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. మారాలా వద్దా అన్న తీర్పు ఫోనుది, తమరిది కాదు. తమరి చేతిలో ఉన్నవి 802.11కె, వి, ఆర్ అనే మూడు సర్క్యులర్లు. ఒకటి చుట్టుపక్కల ఏపీల జాబితా ఇస్తుంది. ఒకటి ‘అటు మారితే మంచిది’ అని మనవి చేస్తుంది. ఇంకొకటి మారేటప్పుడు గుర్తింపు తతంగమంతా మళ్లీ మొదటికి రాకుండా చూస్తుంది. పాత ఫోన్లు కొన్ని వీటిని అసలు తెరిచి కూడా చూడవు. సర్క్యులరు పంపి, అమలు సంగతి అడగని అధికారులను చాలామందిని చూశాం గనక మాకిది కొత్త కాదు.

పవరు సంగతీ అంతే. ఏపీలన్నిటినీ ‘హై’లో పెడితే చాలని తమరిని బిగించిన కుర్రాడు చెప్పి పోయాడు. ఏపీ గట్టిగా అరుస్తుంది, అందుకని సిగ్నల్ ఫుల్లు. ఫోనుకు ఉన్నది చిన్న గొంతు, దాని జవాబు ఏపీ దాకా వినబడదు, అందుకని నెట్ నిల్లు. సేలం పెద్దమనిషి మీ డ్యాష్‌బోర్డు కన్నా బాగా చెప్పారు. ఇక గోడలు, బాత్రూం టైల్సు, గదికొక ఇనప బీరువా, దాని నిలువెత్తు అద్దం, ఇవేవీ తమరి మాట వినవు. పక్క లాడ్జీల వైఫై అసలే వినదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే, 1, 6, 11. మా వీధిలో లాడ్జీలు మూడా?

అలాగని తమరి వంశాన్ని తక్కువ చేయను. మొదట్లో ప్రతి ఏపీ ఎవరికి వారే. వైఫై పాస్‌వర్డు మార్చాలంటే పది ఏపీల్లోకి పదిసార్లు దూరి మార్చాలి. ఈ శతాబ్దం మొదట్లో ఎయిర్‌స్పేస్, 2002లో పుట్టిన అరుబా లాంటి కంపెనీలు ఏపీల్లోని తెలివినంతా తీసి ఒక పెట్టెలో పోసి తమరిని కూర్చోబెట్టాయి. 2005లో నెట్‌వర్కు సామాను చేసే సిస్కో ఎయిర్‌స్పేస్‌ను కొనేసింది. తమరికీ ఏపీలకూ మధ్య ఉత్తరప్రత్యుత్తరాల కోసం 2009లో క్యాప్‌వ్యాప్ అని ఒక ప్రమాణం కూడా వచ్చింది. ఒక దారిలో ఆజ్ఞలు, ఇంకో దారిలో సరుకు, అంటే గెస్టుల డేటా. ఆ పద్ధతిలో మూడో అంతస్తు ఫోనులోంచి బయలుదేరిన ప్రతి బైటూ ముందు తమరి పెట్టెకు వచ్చి, ముద్ర వేయించుకుని, ఆ తర్వాతే ఇంటర్నెట్‌కు పోవాలి. వైఫై వేగం పెరిగేకొద్దీ ముద్ర దగ్గర క్యూ పెరిగింది. దాంతో చాలాచోట్ల సరుకును నేరుగా పంపించేసి, తమరి దగ్గర ఆజ్ఞలు మాత్రమే ఉంచారు. తమరి వాళ్లలో కొందరు క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ అవతల ఉండే కంపెనీ సర్వర్లకు, బదిలీ అయ్యారు. ఆ దారిలో ముందు నడిచిన మెరాకీని సిస్కో 2012లో 120 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంకొందరు ఏపీల లోపలే కాపురం పెట్టారు. అరుబా ఇన్‌స్టంట్, రక్కస్ అన్‌లీష్డ్ పద్ధతుల్లో ఉన్న ఏపీల్లోనే ఒకటి పెద్దరికం చేస్తుంది. అది చస్తే ఇంకొకటి కుర్చీ ఎక్కుతుంది. నామినేషన్లు లేవు, ప్రచారం లేదు, డబ్బు పంచడం అసలే లేదు.

ఇవన్నీ ఉండగా మా చిన్న లాడ్జికి తమరెలా వచ్చారు? కొటేషన్లో ‘500 ఏపీల వరకు’ అని ఉంది. అది చూసి మా లాడ్జి ఓనరు పెద్దాయన మురిసిపోయాడు. "రేపు మనం పెరిగితే యాడికి పోతాం సామీ? పెద్దదే తీసుకో" అన్నాడు. మా లాడ్జి పెరగాలంటే ఒక పక్క గోవిందరాజస్వామి గుడి వీధులు, ఇంకో పక్క రైలు పట్టాలు. రెండూ జరగవు.

పెద్దాయన మహా భక్తుడు. తమరిలో పదహారు వైఫై పేర్లు పెట్టుకోవచ్చని తెలిసిన రోజే ఏడు కొండల పేర్లూ పెట్టించాడు. శేషాద్రి కింది అంతస్తుకు, నీలాద్రి మొదటి అంతస్తుకు, గరుడాద్రి స్టాఫుకు, అంజనాద్రి కెమెరాలకు, వృషభాద్రి డార్మిటరీకి, నారాయణాద్రి మేడ మీది హాలుకు, వేంకటాద్రి ఏసీ గదులకు. పుణ్యం సంగతి దేవుడెరుగు. ప్రతి ఏపీ ప్రతి పేరునూ 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, గాలిలో చదవాలి. అదీ ఎంత పాత ఫోనుకైనా అందాలని అన్నిటికన్నా నెమ్మది వేగంలో. ఏడు పేర్లకు ఒక్కో ఏపీ సెకనుకు డెబ్బై సార్లు. ఒకే ఛానల్లో ఒకదానికొకటి వినబడే ఏపీలు నాలుగుంటే 280. ఈ నామస్మరణ అయ్యాక మిగిలిన గాలిలో గెస్టుల వాట్సాప్. గెస్టులకు ఒకటి, స్టాఫుకు ఒకటి, కెమెరాలకు, కార్డు మెషీన్లకు ఒకటి, మూడు పేర్లు చాలు. ఏ నాలుగు కొండలు తీసేయాలో పెద్దాయనకు చెప్పే ధైర్యం తమరికుంటే చెప్పండి. నాకు లేదు.

తమరిని తయారుచేసిన వాళ్లు తిరుపతి గెస్టును ఎన్నడూ చూసి ఉండరు. మామూలు ఊళ్లో ఆఫీసుకు పొద్దున అదే మనుషులు వస్తారు, సాయంత్రం అదే మనుషులు పోతారు. ఇక్కడ మనిషి అర్ధరాత్రి రైలు దిగుతాడు, స్నానం చేసి అలిపిరి దారి పడతాడు, గుండుతో లడ్డూలతో దిగి వచ్చి, ఒక కునుకు తీసి, గది ఖాళీ చేస్తాడు. ఆ గదిలోకి వెంటనే ఇంకో కుటుంబం. గదికి నలుగురు, మనిషికొక ఫోను. నెట్ వాడాలంటే ప్రతి ఫోనుకూ ఒక ఐపీ చిరునామా కావాలి. తమరు గెస్టులకు పంచడానికి పెట్టుకున్నవి 253, ఒక్కొక్కటి 24 గంటల లీజుకు. గెస్టు రేణిగుంట దాటిపోయినా ఆయన చిరునామా మాత్రం మా దగ్గరే కాపలా కాస్తుంది. కొత్తగా దిగినవాళ్లకు చిరునామా ఉండదు. లీజు రెండు గంటలకు తగ్గించినా, చిరునామాల పరిధి పెంచినా ఈ బాధ పోతుంది. తమరి దగ్గర ఇది ఒక్క అంకె మార్చే పని. ఆ అంకె ఏ మెనూలో దాచారో చెప్పడానికి ఒక శిక్షణ తరగతి, దానికొక ఫీజు.

ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు కూడా తెలివిమీరాయి. ఫోనును గుర్తుపట్టే నంబరు మ్యాక్ చిరునామా. ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మారు మ్యాక్ చిరునామా చూపిస్తాయి. ఒకే ఫోను శేషాద్రిలో ఒక మనిషి, నీలాద్రిలో ఇంకో మనిషి. దొరికిన కొండనల్లా ఎక్కి చూసిన గెస్టు ఒక్కడే తమరి లెక్కలో నలుగురైదుగురు అవుతాడు. నెలాఖరు రిపోర్టులో ‘కొత్త అతిథులు’ గ్రాఫు ఆకాశంలోకి పోతుంది. పెద్దాయన దాన్ని ప్రింటు తీయించి, మరి గదుల అద్దె ఎందుకు పెరగలేదని నన్ను అడుగుతాడు.

అప్‌డేటు ముహూర్తం గురించి ఒక మాట. ఊరంతా నిద్రలో ఉంటుందని తమరు తెల్లవారుజాము 3 గంటలు పెట్టుకున్నారు. ఏ ఊరు స్వామీ అది? మా లాడ్జిలో ఆ వేళకు సగం గదుల్లో గీజర్లు నడుస్తుంటాయి, పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దవాళ్లు దర్శనం టికెట్టు పీడీఎఫ్ కోసం మెయిల్లో వెతుకుతుంటారు. సరిగ్గా అప్పుడే ఏపీలన్నీ ఒకేసారి రీస్టార్టు. మాకు కాస్త ఊపిరాడేది మధ్యాహ్నం, అదీ వారం మధ్యలో.

ఓటీపీ కథ పొడుగు, క్లుప్తంగా చెబుతాను. పబ్లిక్ వైఫై వాడేవాళ్ల గుర్తింపు ఉండాలన్న నిబంధన సబబే. అమెరికా నుంచి వచ్చిన తెలుగు కుటుంబానికి ఓటీపీ ఏ నంబరుకు పంపుతారు? వాళ్ల సిమ్ము ఇక్కడ చాలాసార్లు పనిచేయదు. పనిచేస్తే మా వైఫై అడగరు. అలాంటివాళ్లకు పాస్‌పోర్టు రిజిస్టర్లో రాసుకుని కౌంటరు దగ్గర వోచరు ఇవ్వచ్చు. ఆ సదుపాయం తమరిలో ఉంది, లైసెన్సు మాత్రం వేరే.

ఇక అసలు బాధ. తమరి పూర్తి హక్కుల ఖాతా తమరిని బిగించిన కుర్రాడి సొంత జీమెయిల్ మీద ఉంది. లాడ్జి పేరు మీద లేదు, పెద్దాయన పేరు మీద లేదు. ఆ కుర్రాడు ఆ కంపెనీ మానేసి బెంగళూరు పోయాడు. కంపెనీకి ఫోను చేస్తే ఆ కుర్రాణ్ణే అడగమంటారు. కుర్రాడికి ఫోను చేస్తే, "అన్నా, ఆ పాస్‌వర్డు పాత ఫోన్లో ఉండిందన్నా" అంటాడు. నాకు ఇచ్చిన లాగిన్‌తో తమరి దర్శనం చేసుకోవచ్చు, దేన్నీ ముట్టుకోకూడదు. 253 ఎందుకు నిండిపోతోందో తెలుసు, మార్చలేను. పవరు తగ్గించాలని తెలుసు, తగ్గించలేను. ముట్టుకోవడానికి మిగిలింది రీసెట్ ఒక్కటే. అది నొక్కితే పేర్లు, ఓటీపీ అడిగే గెస్టు పోర్టలు, సెట్టింగులు అన్నీ తుడుచుకుపోతాయి. బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. ఆ బ్యాకప్ కూడా జీమెయిల్ కుర్రాడి డ్రైవులోనే ఉంది.

లాగ్‌ల మీద, అంటే ఎవరు ఎప్పుడు కలిశారో తమరు రాసుకునే చిట్టాల మీద, కూడా ఒక మనవి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లు 180 రోజులు దాచాలని ఉంది. తమరి కడుపులో పట్టేవి కొన్నాళ్లవే, తర్వాత పాతవి చెరిపేసి కొత్తవి రాసుకుంటారు. వాటిని బయట ఇంకో కంప్యూటర్లో దాచుకోవాలని కొటేషన్లో ఎక్కడా లేదు. 500 ఏపీలని మాత్రం బోల్డు అక్షరాల్లో ఉంది.

పెద్దాయన కొత్త కంట్రోలర్ కోసం మళ్లీ కొటేషన్లు తెప్పిస్తున్నాడు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఈసారి వచ్చిన ప్రతి సేల్స్‌మాన్‌నూ నేను ఒకటే అడుగుతున్నాను: "మీ కంట్రోలర్ చచ్చిపోతే, లేదా మేం డబ్బు కట్టకపోతే, మా వైఫై ఏమవుతుంది?" చాలామంది ఈ ప్రశ్నకు నీళ్లు నములుతారు. జవాబులు మాత్రం ఉన్నాయి. యూనిఫై, ఒమాడా లాంటి బ్రాండ్లలో కంట్రోలర్ ఆగినా ఏపీలు పాత సెట్టింగులతో నడుస్తూనే ఉంటాయి, కాకపోతే గెస్టు పోర్టలు ఆగుతుంది. కొన్ని క్లౌడ్ పద్ధతుల్లో లైసెన్సు గడువు దాటి, ఇచ్చిన 30 రోజుల వెసులుబాటూ అయిపోతే, డబ్బిచ్చి కొన్న ఏపీలు కూడా పని మానేస్తాయి. 2005 తర్వాత తయారైన కొన్ని సిస్కో ఏపీల్లో పదేళ్లు చెల్లే గుర్తింపు సర్టిఫికెట్టు ఉండేది. 2015 నుంచి అవి గడువు తీరి కంట్రోలర్‌తో చేరనని మొండికేస్తే, నెట్‌వర్కు ఇంజినీర్లు కంట్రోలర్ గడియారాన్ని వెనక్కి తిప్పి నడిపించుకున్నారు. కంట్రోలర్ పాత కాలంలో, జనం కొత్త కాలంలో. కొనేముందు ఎవరూ ఈ సంగతి అడిగి ఉండరు, సేల్స్‌మాన్ చెప్పీ ఉండడు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్ల ఖాతా లాడ్జి మెయిల్ మీద ఉండాలి. పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పెద్దాయన బీరువాలో పెట్టాలి. అది జరిగాకే రెండో చెక్కు. ఒక సేల్స్‌మాన్ దీనికి నవ్వాడు. అతని కొటేషన్ పక్కన పెట్టేశాం.

తమరి పదవీ విరమణ బ్రహ్మోత్సవాల ముందే జరగాలని పెద్దాయన ముహూర్తం పెట్టాడు. తమరి వెనక వైపు, ఎడమ మూలన ఒక చిన్న కన్నం ఉంది. అందులో పట్టే గుండుసూది ఈ పొద్దున్నే తెచ్చాను. పది సెకన్లు నొక్కి పట్టుకోవాలట.

ఇట్లు,
ఇన్నాళ్లూ తమరి విధేయుడు,
లాడ్జి మేనేజరు, తిరుపతి.