ప్రాంప్టు ముస్తాబు

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీలకు పనిచేసే మా కుర్రాళ్ల కష్టాన్ని ప్రభుత్వాలు గుర్తించడం లేదు. రెండు ప్రభుత్వాలూ అంటున్నాను. ఇక్కడ ఏ గోడైనా రెండు చోట్ల వెళ్లబోసుకోవాలి. ఆదివారం టిఫిన్ కూడా మానేసి, కమాండ్లు తీసుకునే బాష్ ప్రోగ్రాం సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైలు తెరిచి, ప్రాంప్టు (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే గుర్తు) రూపం చెప్పే పీఎస్1 అనే ఒక్క వేరియబుల్‌ని చీకటి పడేదాకా చెక్కుతున్నారు, పాపం.

1979లో బాష్‌కి ముందుతరమైన బోర్న్ షెల్ వచ్చినప్పుడు ప్రాంప్టంటే ఒక డాలరు గుర్తు, రూట్ (సర్వాధికారాలున్న యూజరు) అయితే హ్యాష్. అంత లేమిలోనూ జనం పనులు చేసుకున్నారట! మా మేనల్లుడి ప్రాంప్టులో టైము, గిట్ బ్రాంచి (కోడ్ ఏ శాఖలో ఉందో), ఊరి వాతావరణం, ఒక రాకెట్టు ఉన్నాయి. వాన పడుతోందో లేదో కిటికీలోంచి కనిపిస్తుంది కదరా అన్నాను. "ఇది లైవ్ మావయ్యా" అన్నాడు. ఎంటర్ నొక్కిన ప్రతిసారీ ఆ లైవ్ వాన ఇంటర్నెట్‌లోంచి దిగేదాకా ఇద్దరం గుడ్లప్పగించి చూశాం. తర్వాత ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొట్టాడు.

రంగులు ఊరికే రావు. రంగు కోడ్‌కి అటూ ఇటూ బ్యాక్‌స్లాష్, చదరపు బ్రాకెట్టు పెట్టాలి. పెట్టకపోతే కనపడని ఆ అక్షరాలకీ చోటు లెక్కగట్టి బాష్ తికమకపడుతుంది. పొడుగాటి కమాండ్ కొడితే కింది లైనుకి పోకుండా తిరిగొచ్చి ప్రాంప్టు నెత్తినే కూర్చుంటుంది. పై బాణం నొక్కితే పాత కమాండ్ తోకలు చెరిపినా పోవు. మావాడు దీన్ని డిజైన్ అన్నాడు.

ఎవరు (యూజరు), ఏ మెషీను (హోస్టు), ఏ డైరెక్టరీ (ఫోల్డరు): పీఎస్1లో రాసే యూ, హెచ్, డబ్ల్యూ కోడ్‌లు చెప్పేవి ఈ మూడే. సరిహద్దు జనానికి వీటి విలువ ఒకరు చెప్పాలా? మా యూజరు తెలుగు, హోస్టు 1936 నుంచి ఒడిశా, సైకిలెక్కి పాతపట్నం పోతే డైరెక్టరీ ఆంధ్రా. అలాంటి ఊళ్లో పుట్టి, లైను పొడుగైపోతోందని మావాడు హోస్టు పేరు తీసేశాడు. రాకెట్టు ఉంచాడు. ముచ్చటగా ఉందని ఆ ఫైలే ఆఫీసు సర్వర్లన్నిటికీ ఎక్కించాడు.

మొన్న ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని, తెరిచి ఉన్న విండోల్లో ఒకదాంట్లో రీబూట్ కొట్టాడు. ల్యాప్‌టాప్ కదల్లేదు, ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. చాలాసేపు నిలబడే మాట్లాడాడు.

కుర్రాడు బాధ్యత తెలిసినవాడు. ఆ రాత్రే కూర్చుని, సర్వర్లో రాకెట్టుకి ఎర్రరంగు వేశాడు.