హెవీ లైసెన్స్ ఉంటే క్రేన్ ఎక్కేయొచ్చా? ఆ మెసేజ్‌కి నా జవాబు

పోయిన నెల తెనాలి నుంచి మా అక్క కొడుకు ఒక వాట్సాప్ మెసేజ్ పంపాడు. “మామయ్యా, ఇది నిజమేనా? డబ్బు కట్టేయమంటావా?” అని అడిగాడు. అదే మెసేజ్ ఆ వారంలోనే మా ఆటోనగర్ డ్రైవర్ల గ్రూపులో మూడుసార్లు తిరిగింది. అందులో ఉన్నది ఇదీ: “క్రేన్ ఆపరేటర్‌కి హెవీ లైసెన్స్ ఉంటే చాలు, చట్టంలో వేరే ఏదీ అక్కర్లేదు. 14 టన్నుల హైడ్రా 14 టన్నులు ఎత్తుతుంది, లెక్కలేమీ ఉండవు. కొత్త క్రేన్లలో అంతా కంప్యూటరే చూసుకుంటుంది. 15 రోజుల్లో నేర్చుకోండి, మా సర్టిఫికెట్ గల్ఫ్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో చెల్లుతుంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ ఉంది.”

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా క్రేన్ల మీద బతుకుతున్నాను. మొదటి ఐదేళ్లు హెల్పర్‌ని, స్లింగులు (లోడుకి కట్టే తాళ్లు, బెల్టులు) మోసేవాణ్ణి. తర్వాత హైడ్రా, అంటే లోడుని ఎత్తి పట్టుకునే నడిచే చిన్న క్రేన్. ఇప్పుడు టెలిస్కోపిక్ క్రేన్, అంటే బూమ్ (ఎత్తే పొడవాటి చెయ్యి) ముక్కలుముక్కలుగా బయటికి సాగేది. అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాక ఈ చుట్టుపక్కల కుర్రాళ్లు చాలామంది ఈ పని వైపు చూస్తున్నారు. అందుకే మెసేజ్‌లోని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు లైసెన్స్ సంగతి. మోటారు వాహనాల చట్టం 1988, 3వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద బండి నడపాలంటే ఆ రకం బండికి చెల్లే లైసెన్స్ ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మొబైల్ క్రేన్‌ని ‘కన్‌స్ట్రక్షన్ ఎక్విప్‌మెంట్ వెహికల్’ అంటాయి. దాని అసలు పని రోడ్డు బయట, రోడ్డు మీద వెళ్లడం ఆ పనికి అనుబంధం మాత్రమేనని, అది ట్రాన్స్‌పోర్ట్ వాహనం కాదని కూడా అక్కడే రాసి ఉంది. అంటే లైసెన్స్ అనేది బెంజి సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా క్రేన్ నడుపుకుంటూ వెళ్లడానికి. గొల్లపూడిలో బండి ఆపి, జాకీలు (బండిని కదలకుండా నిలబెట్టే పక్క కాళ్లు) దించి, బూమ్ లేపి, 6 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ని గోడ అవతల పెట్టగలవా అన్నది ఆ టెస్టులో ఎవరూ చూడరు.

మెసేజ్‌లో ఒక ముక్క మాత్రం నిజమే. డ్రైవింగ్ లైసెన్స్‌లాగా దేశమంతటా చెల్లే ఒకే ప్రభుత్వ లైసెన్స్ మన దగ్గర క్రేన్ ఆపరేటర్‌కి లేదు. అంతమాత్రాన చట్టం ఏమీ అడగదనడం తప్పు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు స్పష్టంగా చెప్పాయి: ఎత్తే యంత్రం నడిపేవాడికి 18 ఏళ్లు నిండాలి, పని బాగా వచ్చి ఉండాలి, నమ్మదగినవాడై ఉండాలి, ఆ పనిలో ఉండే ప్రమాదాలు తెలిసి ఉండాలి, ఎప్పటికప్పుడు వైద్య పరీక్ష జరగాలి. కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేవాడికీ ఇవే షరతులు. ఫ్యాక్టరీల చట్టం 1948, 29వ సెక్షన్ అయితే క్రేన్‌నీ, చైన్లనీ, స్లింగులనీ అర్హుడైన వ్యక్తి కనీసం ఏడాదికోసారి క్షుణ్ణంగా పరీక్షించాలని, వాటి మీద రాసిన సురక్షిత బరువు దాటి ఎత్తకూడదని చెప్పింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ నిబంధనలకు మూలమైన చట్టమూ, ఫ్యాక్టరీల చట్టమూ వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. పేరు మారినా, పని రానివాణ్ణి సీట్లో కూర్చోబెట్టకూడదన్న బాధ్యత యజమాని మీద నుంచి పోలేదు.

ఇక 14 టన్నుల మాట. మెసేజ్ మొత్తంలో నన్ను బాగా భయపెట్టింది ఇదే. కుర్రాళ్ల ప్రాణం తీసేది ఈ నమ్మకమే.

క్రేన్ మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకె బూమ్‌ని పూర్తిగా లోపలికి లాక్కుని, లోడుని క్రేన్‌కి వీలైనంత దగ్గరగా ఉంచినప్పటిది. దూరం పెరిగేకొద్దీ ఆ అంకె పడిపోతుంది, అదీ చాలా వేగంగా. నీళ్ల బిందెని చంకలో పెట్టుకుని ఎంత దూరమైనా నడుస్తాం, అదే బిందెని చెయ్యి చాచి పట్టుకోమంటే నిమిషం నిలవలేం. 10 టన్నుల లోడు 3 మీటర్ల దూరంలో ఉంటే క్రేన్‌ని ముందుకు పడేయాలని చూసే బలం 30 టన్ను-మీటర్లు. అదే లోడు 9 మీటర్లకు వెళ్తే 90. లోడు ఒక్క కిలో కూడా పెరగలేదు, క్రేన్ మీద భారం మూడింతలైంది. దూరాన్ని బట్టి, బూమ్ పొడవుని బట్టి ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టికే లోడ్ చార్ట్. హుక్ బ్లాక్, స్లింగులు, షాకిల్స్ (స్లింగుల్ని తగిలించే ఇనుప కడియాలు) బరువు కూడా లోడులోనే కలపాలి. హైడ్రా నడుము దగ్గర విరిగి తిరుగుతుంది కాబట్టి, తిప్పిన కోణం పెరిగితే దాని సత్తా ఇంకా తగ్గుతుంది.

ఇబ్రహీంపట్నం వైపు ఒక షెడ్డులో జరిగింది చెబుతాను. అప్పటికి నేను హెల్పర్‌ని. 14 టన్నుల హైడ్రా, లోడు 5 టన్నుల లోపు మోటారు. ఎత్తినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. మోటారుని షెడ్డు లోపలి దిమ్మ మీద పెట్టాలి, బండి లోపలికి పోదు. అందుకని ఆపరేటర్ బూమ్ చాచాడు. నేను వెనక టైరు పక్కనే నిలబడి ఉన్నాను. బరువు మోస్తున్న టైరు నేలకి ఆనిన చోట పక్కలకి ఉబ్బి ఉంటుంది కదా, ఆ ఉబ్బు నా కళ్ల ముందే మెల్లగా తగ్గిపోయింది. టైరు గుండ్రంగా అయింది. ఆ తర్వాత దాని కింద సన్నగా వెలుతురు కనిపించింది. “దించన్నా, దించెయ్!” అని అరిచాను. ఆయన కంగారుపడలేదు, బూమ్ ఇంకా చాచలేదు, ఎత్తలేదు, లోడుని నేరుగా నేల మీదికి వదిలాడు. టైరు మళ్లీ ఉబ్బింది. మోటారు ముందర పైపు పట్టుకుని నిలబడ్డ ఇద్దరికి అసలేం జరిగిందో కూడా తెలియదు. తర్వాత కేబిన్‌లో చూస్తే లోడ్ చార్ట్ స్టిక్కర్ ఎండకి వెలిసిపోయి, మీద పెయింట్ పడి ఉంది. ఆపరేటర్‌కి హెవీ లైసెన్స్ ఉంది. పదేళ్లు లారీ నడిపినవాడు, స్టీరింగ్ మీద చెయ్యి తిరిగినవాడు.

పెద్ద క్రేన్ అయితే ఏమైనా ఎత్తేస్తుందనుకునేవాళ్లకి 2024 సెప్టెంబరు గుర్తు చేస్తాను. వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్లకి పడవలు కొట్టుకుని ఇరుక్కున్నప్పుడు, వాటిని తీయడానికి బ్యారేజీ మీదికి భారీ క్రేన్లు తెచ్చారు. మొదటి ప్రయత్నంలో పడవలు కదల్లేదు. చివరికి నీళ్లలో దిగి కోయడం, వేరే పడవలు కట్టి లాగడం దాకా వెళ్లాల్సి వచ్చింది. నీళ్లు నిండి ఇరుక్కుపోయిన పడవ బరువు ఎంతో ముందే తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఆ విషయం తెలిసి క్రేన్‌ని బలవంతం చేయకపోవడం కూడా ఈ పనిలో నేర్చుకోవాల్సిందే.

కంప్యూటర్ చూసుకుంటుందన్న మాటకొస్తే, కొత్త క్రేన్లలో లోడ్ ఇండికేటర్ ఉంటుంది, అది ఉండాలి కూడా. పరిమితి దాటితే అరుస్తుంది, కదలిక ఆపుతుంది. కానీ అది మనం ఎక్కించిన వివరాలనే నమ్ముతుంది. జాకీలు సగమే బయటికి లాగి, పూర్తిగా లాగినట్టు సెట్టింగ్ పెడితే చాలా బండ్లలో దానికి తెలియదు. లోడుని పక్కకి ఈడుస్తున్నా తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, జాకీ కింద నేల సంగతి దానికి అసలు తెలియదు.

లెక్క వేసి చూడండి. ఒక జాకీ మీద 20 టన్నులు పడింది, దాని పాదం 40 సెంటీమీటర్ల చదరం అనుకుందాం. చదరపు మీటరుకి 125 టన్నుల ఒత్తిడి. మన వైపు నల్లరేగడి వానకి నానితే అందులో పదో వంతు మోసినా గొప్పే. కింద ఒకటిన్నర మీటరు చదరం గట్టి దుంగల మ్యాట్ వేస్తే ఒత్తిడి 9 టన్నులకు దిగుతుంది. అప్పటికీ నేల మెత్తగా ఉంటే గ్రావెల్ పోసి రోలర్ తొక్కించాలి. పైన ఎండిపోయి పెచ్చులు కట్టిన నల్లరేగడి కింద అడుగు లోతున బురదే ఉంటుంది. నేను ముందు గడ్డపార దింపి చూస్తాను, ఏ మీటరూ చెప్పని సంగతి అది చెబుతుంది.

గాలి కూడా ఇంతే. చాలా క్రేన్లని సెకనుకి 9, 10 మీటర్ల గాలి దగ్గరే ఆపమంటారు. మే నెల సాయంత్రం గుంటూరులో ఈదురుగాలి లేస్తే అది దాటడానికి నిమిషాలు చాలు. రేకుల షీట్ లాంటి వెడల్పు లోడైతే ఇంకా ముందే దించేయాలి. కరెంటు తీగల దగ్గర బూమ్ తీగకి తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. ఒకవేళ తగిలితే, బండికి నిప్పంటుకుంటే తప్ప కేబిన్ దిగకూడదు, కింద ఉన్నవాళ్లెవరూ బండిని ముట్టుకోకూడదు. పరిగెత్తుకొచ్చి ఆపరేటర్‌ని లాగబోయేవాడే ముందు పోతాడు.

15 రోజుల సర్టిఫికెట్ గురించి. పొట్టి కోర్సులన్నీ మోసమని నేను అనను. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ పరిధిలో ఆపరేటర్ కోర్సులు ఉన్నాయి, వాటిలో ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: నేను సీట్లో ఎన్ని గంటలు కూర్చుంటాను, నన్ను పరీక్షించేది ఎవరు? విదేశాల మాట మాత్రం పూర్తిగా అబద్ధం. సింగపూర్‌లో అక్కడి మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖ దగ్గర ఆపరేటర్‌గా నమోదు కావాలి. గల్ఫ్‌లో పెద్ద ఆయిల్ సైట్లలో థర్డ్ పార్టీ సంస్థలు మళ్లీ టెస్ట్ పెడతాయి. అమెరికాలో 2018 నుంచి గుర్తింపు ఉన్న సంస్థ సర్టిఫికెట్ కావాలి, అది ఐదేళ్లకే చెల్లుతుంది, పైగా యజమాని విడిగా పని చూసి ఒప్పుకోవాలి.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. క్రేన్ల పాలసీలకి ఐఎంటీ 47 అనే షరతు వర్తిస్తుంది. అదనపు ప్రీమియం కట్టి కవర్ తీసుకోకపోతే, ఎత్తే పని చేస్తుండగా బోల్తా పడి బండికి జరిగిన నష్టం రాదు. ఇక నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ శిక్షని ఏ పాలసీ పంచుకోదు.

మా అక్క కొడుకుని డబ్బు కట్టొద్దన్నాను. ఆదివారం విజయవాడ రమ్మని, యార్డులో నా క్రేన్ దగ్గర టేపు ఒక కొస చేతికిచ్చాను. క్రేన్ తిరిగే నడిమధ్య నుంచి హుక్కు కింద దాకా కొలవమన్నాను. 7 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. చార్ట్‌లో 7 మీటర్లకి ఒక గడి ఉంది, 8 మీటర్లకి ఒకటి. వాడు కాసేపు చూసి 8 మీటర్ల గడి మీద వేలు పెట్టాడు. 7కే దగ్గర కదరా అంటే, “7 దాటేసింది కదా మామయ్యా, తక్కువ ఎత్తే గడే తీసుకోవాలి” అన్నాడు. సోమవారం నుంచి హెల్పర్‌గా వస్తున్నాడు.