మిగ్ నేర్పిన బడి, మధ్యలో లేని మెట్టు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికారు. 1963లో మన వైమానిక దళంలో చేరిన యుద్ధ విమానం అది. ఆ రోజు టీవీల్లో, ఫోన్లలో మళ్లీ అదే మాట తిరిగింది, ‘ఎగిరే శవపేటిక’ అని. అది అన్నిసార్లు కూలిందన్న నిందంతా విమానం మీద వేసేస్తే పని సులువు. కానీ ఆ విమానాన్ని కుర్రాళ్లకు ఎలా నేర్పామన్న కథ తెలిస్తే నింద సగమైనా వేరేచోటికి పోతుంది. ఆ కథలో సగం మన నెత్తి మీది ఆకాశంలోనే నడిచింది.

ఉమ్మడి నల్గొండ వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 2018 నవంబరులో యాదాద్రి భువనగిరి జిల్లా బాహుపేట దగ్గర వైమానిక దళం శిక్షణ జెట్ కిరణ్ కూలింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. (2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలంలో కూలిన సెస్నాను కూడా ఇందులోనే కలిపి చెప్పుకుంటుంటారు. అది పౌర పైలట్లకు నేర్పే ప్రైవేటు సంస్థది, సైన్యానిది కాదు.) కిరణ్ మొదటిసారి ఎగిరింది 1964లో. ఇప్పటికీ హకీంపేట వైమానిక స్థావరంలో పిల్లలు నేర్చుకునేది దాని మీదే.

ఫైటర్ పైలట్ చదువు దశలవారీగా సాగుతుంది. దుండిగల్ వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబరులో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. అక్కడ ప్రొపెల్లర్ విమానంతో అక్షరాభ్యాసం. తర్వాత హకీంపేటలో జెట్. ఒకప్పుడు వాంపైర్లు, ఆపైన కిరణ్‌లు, పోలండ్ నుంచి తెచ్చిన ఇస్క్రాలు. అప్పట్లో అక్కడి నుంచి నేరుగా యుద్ధ విమానం. ఈ ‘నేరుగా’ అన్నదే అసలు సమస్య.

కిరణ్‌లో గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. చెయ్యి వణికినా, చూపు తప్పినా గురువుకు తెలిసిపోతుంది. గంటకు ఏడు వందల కిలోమీటర్ల లోపు వేగం, చిన్న తప్పు చేస్తే మన్నించే స్వభావం. మిగ్-21 ధ్వని వేగానికి రెట్టింపుతో పోయే యంత్రం. రెక్కలు చిన్నవి, త్రికోణాకారం. వేగం తగ్గితే గాలిలో నిలవదు కాబట్టి గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన వేగంతోనే రన్‌వేను తాకాలి. రెండు సీట్ల శిక్షణ రకంలో గురువు వెనక కూర్చుంటాడు. ముందున్నది అతనికి సరిగా కనబడదు, అందుకే తర్వాత వచ్చిన రకాల్లో పెరిస్కోపు బిగించారు. మోపెడ్ నేర్చుకున్నవాడికి మర్నాడే లోడు లారీ తాళాలిచ్చి ఘాట్ రోడ్డు ఎక్కమన్నట్టు ఉంటుంది ఆ మార్పు.

ఇది ఎవరికీ తెలియక జరిగింది కాదు. ప్రమాదాలపై వేసిన లాఫోంటేన్ కమిటీ 1982లోనే కిరణ్‌కూ మిగ్‌కూ మధ్య ఆధునిక జెట్ ట్రైనర్ (శిక్షణ విమానం) ఒకటి కావాలని చెప్పింది. ఆ లాఫోంటేనే 1985 నుంచి 1988 దాకా వైమానిక దళాధిపతి. ఆయన హయాంలోనూ ట్రైనర్ రాలేదు. 1986లో అస్సాంలోని తేజ్‌పూర్‌లో మిగ్ ఆపరేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ యూనిట్ మాత్రం వచ్చింది. అందరూ మోఫ్టు అనేది దాన్నే. కిరణ్ దిగి వచ్చిన కుర్రాళ్లకు మిగ్-21ను మిగ్-21 మీదే నేర్పే బడి అది.

మోఫ్టును తక్కువ చేసి మాట్లాడను. లేని విమానం చేయాల్సిన పనిని అక్కడి గురువులు తమ ఓపికతో, ప్రాణాలు పణంగా పెట్టి చేశారు. తరాల కొద్దీ ఫైటర్ పైలట్లు ఆ రన్‌వే మీదే తయారయ్యారు. నా అభ్యంతరం బడి మీద కాదు, తాత్కాలిక ఏర్పాటు కావాల్సినదాన్ని రెండు దశాబ్దాలు నడిపించిన ఢిల్లీ మీద. బ్రిటన్ నుంచి 66 హాక్ జెట్ ట్రైనర్లకు ఒప్పందం కుదిరింది 2004లో. బీదర్‌లో అవి కొలువుదీరింది 2008 ఫిబ్రవరిలో. కమిటీ చెప్పిన 26 ఏళ్లకు! ఈలోగా ఎన్ని రకాల యుద్ధ విమానాలు కొన్నామో అందరికీ తెలుసు. కొత్త ఫైటర్ వస్తే ఫొటోలు పడతాయి, ప్రసంగాలుంటాయి. ట్రైనర్‌కు ఆ భాగ్యం ఉండదు.

ప్రమాదాలన్నీ శిక్షణ లోపమే అనడం కూడా సరికాదు. పక్షులు తగలడం, ఇంజిన్ ఆగిపోవడం, సోవియట్ యూనియన్ కూలాక విడిభాగాల కటకట, అన్నీ ఉన్నాయి. కానీ 2012 మేలో రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క చూడండి. కొన్న 872 మిగ్‌లలో 482 కూలాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు పోయారు. ఇవి అన్ని రకాల మిగ్‌లవీ కలిపి. మధ్య మెట్టు ముందే ఉంటే ఇందులో కొందరైనా మిగిలేవాళ్లని నేను నమ్ముతాను.

హాక్‌తో ఆ ఖాళీ నిండింది. కింది మెట్లు మాత్రం వదులుగానే ఉన్నాయి. దుండిగల్‌లో వాడిన దీపక్ విమానాలను 2009 జులైలో ఇద్దరు శిక్షకులు చనిపోయాక గానీ పక్కన పెట్టలేదు. వాటి బదులు స్విట్జర్లాండ్ పిలాటస్‌లు వచ్చింది 2013లో. కిరణ్ స్థానంలో రావాల్సిన, ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ వారి సితార 2003 మార్చిలోనే గాల్లోకి లేచింది. గిరికీలు కొడుతూ కిందికి జారినప్పుడు అదుపులోకి రాకపోవడం దాన్ని ఏళ్లకేళ్లు వెనక్కి లాగింది. 2025లో దానికి యశస్ అని కొత్త పేరు పెట్టారు. పేరైతే మారింది.

భువనగిరిలో అమ్మాయిలను సైన్యంలో అధికారులుగా పంపడానికి సాంఘిక సంక్షేమ గురుకులాల డిగ్రీ కాలేజీ పెట్టుకున్నాం. 2016 జూన్‌లో దుండిగల్ పరేడ్ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చాక ఇక్కడి అమ్మాయిలకూ ఆ కోరిక పుట్టడం సహజం. రేపు వీళ్లలో ఒకరు హకీంపేట చేరితే ఎక్కాల్సిన విమానం వాళ్ల తాతల కాలం నాటిది.

2023 మార్చిలో 70 హెచ్‌టీటీ-40 ట్రైనర్లకు కేంద్రం ఒప్పందం చేసుకుంది, మంచిదే. కానీ అది ప్రొపెల్లర్ విమానం, ప్రధానంగా మొదటి దశకు తయారైంది. కిరణ్ చివరి విమానం ఏ ఏడాది దిగిపోతుంది, దాని పని ఏది చేస్తుంది? భువనగిరి, నల్గొండ ఎంపీలు ఈ ప్రశ్న సభలో రాతపూర్వకంగా వేయాలి. 482 అన్న లెక్క బయటికొచ్చింది కూడా అలా పార్లమెంటులోనే.