బాధ నీలం, కోపం ఎరుపు, బొట్టు నలుపు

కోపమంటే ఎరుపు, దుఃఖమంటే నీలం, అసూయంటే పచ్చ. మా మేనల్లుడు రాజమండ్రి కాలేజీలో నేర్చుకొచ్చిన లెక్క ఇది. సినిమా తీయడం చదువుతున్నాడు లెండి. పరీక్షకి 8 నిమిషాల సినిమా తీసివ్వాలట, అందులో ఎవరూ నోరు విప్పకూడదట. మనసులో ఉన్నదంతా రంగు లైట్లే చెప్పాలట. నోరు విప్పని మనుషుల్ని వెతుక్కుంటూ కోనసీమకి రావడమేవిటో, అందులోనూ మా ఇంటికి!

కథ చిన్నదే. మొగుడు గల్ఫ్‌లో ఉంటాడు, పెళ్ళాం మండువా లోగిట్లో ఎదురుచూస్తుంటుంది. మా అబ్బాయి కువైట్‌లోనే ఉన్నాడు కాబట్టి మా కోడలికి నటించే పని తప్పిందని వాడి ధీమా. అత్త వేషం మా ఆవిడది. దానికీ పెద్దగా నటించక్కర్లేదు గానీ, ఆ మాట వాడూ పైకనలేదు, నేనూ అనలేదు.

లైట్లకి వేసే అసలు జెల్ షీట్లు ఖరీదని, అమలాపురం ఫ్యాన్సీ షాపులో బహుమతులకి చుట్టే రంగు కాగితం కొనుక్కొచ్చేడు. టెంటు హౌసు వాళ్ళ దగ్గర 500 వాట్ల హాలోజన్ లైట్లు తెచ్చి, వాటి ముందు ఎర్ర కాగితం బిగించేడు. హాలోజన్ తిన్న కరెంటులో చాలా భాగం సెగ కిందే పోతుంది. జెల్‌ని ఆ వేడి ఓర్చుకునేలా తయారుచేస్తారు. బహుమతి కాగితానికి ఆ ఖర్మేం పట్టింది? అత్తగారు కోపంగా గుమ్మంలోకి వచ్చేసరికి అది ముడుచుకుపోయి నడిమధ్య చిల్లు పడింది. మొహమంతా భగభగ మండిపోతోంది, ముక్కు మాత్రం తెల్లగా, ప్రశాంతంగా ఉంది. కమురు వాసనకి పక్కింటి పిన్నిగారు నీళ్ళబిందెతో పరిగెత్తుకొచ్చేరు.

మర్నాడు రంగులు మారే ఎల్‌ఈడీ బల్బులొచ్చేయి. ఈసారి ఫోను పేచీ. ఏ వెలుగులో తీసినా తెల్లకాగితాన్ని తెల్లగానే చూపించాలని దాని తాపత్రయం. వీడు కష్టపడి గదినిండా దుఃఖం పరిస్తే, అది సగానికి సగం ఓదార్చేసేది. ఆ ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి, పగటి వెలుగు లెక్కన 5600 కెల్విన్ దగ్గర బిగించేక గానీ నీలం నిలబడలేదు.

నిలబడింది గానీ, ఫోనులోకి తొంగిచూసిన మా ఆవిడ కెవ్వుమంది.

“ముత్తైదువ మొహాన నల్లబొట్టేంట్రా! వాడక్కడ దేశంకాని దేశంలో ఉంటేనూ!”

“కుంకుమ ఎర్రదే అత్తయ్యా. ఎరుపు ఎర్రగా కనబడాలంటే మీద పడే వెలుగులో ఎరుపుండాలి. ఈ బల్బులో అది లేదు. నీలాన్నేమో కుంకుమ మింగేస్తుంది. ఇంక నల్లగా కాక ఎలా ఉంటుంది?”

“మరి దాని పెదాలో?”

“అదీ అంతే.”

“ఆర్పు ముందు!”

ఈలోగా కిటికీలోంచి చూసిన పిన్నిగారు, “ఒళ్ళంతా నీలం తిరిగిపోయింది, పిల్లనేదో పురుగు ముట్టుకున్నట్టుందర్రా!” అని వీధి వీధంతా వినబడేలా కేకేసేరు. పురుగులు వచ్చిన మాట నిజమే, కాకపోతే అవి వేరే. కార్తీక మాసం, ఇంటి పక్కనే కోతకొచ్చిన చేను. దీపపు పురుగులకి ఎర్ర వెలుగు కంటే నీలం వెలుగంటే మోజెక్కువ. అన్నీ వచ్చి కోడలి మొహమ్మీదే వాలేయి. “కదలకక్కా, ఏడుపు బాగా వస్తోంది!” అంటాడు వీడు. కంట్లో పురుగు పడితే రాక ఏం చేస్తుంది?

ఆ కేకకి చేరిన జనంలో, వయసులో ఉండగా పౌరాణిక నాటకాలకి ఫోకస్ లైటు కొట్టిన పెద్దాయన ఉన్నాడు. రేకు చక్రానికి రంగు కాగితాలు అంటించి, లైటు ముందు చేత్తో తిప్పేవోడు. కాసేపు చూసి నెమ్మదిగా అన్నాడు:

“ఆయ్, నీలం మొహానికి కొట్టకూడదండి బాబూ. ఎనకాల పరదాకి కొట్టాలండి. మొహానికి తెల్లదేనండి, అదీ పక్కనించి కాత్తంత. కాటి సీనుకైనా మేం అంతేనండి. మొహం అవపడకపోతే ఏడుస్తుందని ఎవడికి తెలుస్తాదండి?”

సెమిస్టరు ఫీజు కట్టిన వాళ్ళం మేం, పాఠం చెప్పింది ఆయన. నీలం బల్బు తలుపు చాటున పెట్టి సున్నం గోడ మీదికి తిప్పేరు. కోడలికి పక్కనుంచి మామూలు బల్బు, దానికడ్డంగా నా తెల్ల పంచె. బొట్టు ఎర్రబడింది, పురుగులు గోడకి పోయేయి. అప్పుడు ఫోనులో ఆ పిల్లని చూస్తే నాకే గుండె పట్టేసినట్టయింది.

అసూయ సీను కొబ్బరి తోటలో పచ్చలైటు వేసి తీసేడు. తోటంతా ఎలాగూ పచ్చగానే ఉంది, అందులో అసూయ ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. కోపం సీనుకి లైటే వెయ్యలేదు. అత్తయ్య మొహానికి రంగు అక్కర్లేదన్నాడు.

సినిమా పూర్తయ్యేక టీవీకి తగిలించి అందరికీ చూపించేడు. పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ వాణ్ణి దగ్గరికి పిలిచేరు.

“ఎంత బాగా తీసేవురా నాయనా! ఆ గోడకి కొట్టించిన నీలం ఏ కంపెనీదో రాసివ్వు, సంక్రాంతికి మా హాల్లోనూ అదే వేయిస్తాను.”