బీఎంపీ4 చెప్పేది ఒకటే, కణం వినేదే వేరు

మూలకణం దేనిగానైనా మారగలదన్న మాట బడి పుస్తకాల నుంచి ఆస్పత్రి ప్రకటనల దాకా అంతటా వినిపిస్తోంది. పిండ మూలకణాల విషయంలో అందులో అబద్ధం లేదు. చిక్కంతా కణాలకు కబురు చేరవేసే సంకేత ప్రొటీన్లను మనం కరెంటు స్విచ్చుల్లా ఊహించుకోవడంలో ఉంది. ఇది నొక్కితే గుండె, అది నొక్కితే మెదడు అన్నట్టు.

బీఎంపీ4 అనే ప్రొటీన్ సంగతే చూడండి. ఎలుక పిండ మూలకణాలు మారిపోకుండా ఉండాలంటే ఎల్‌ఐఎఫ్ అనే మరో ప్రొటీన్ కావాలని 1988లోనే తేలింది. కానీ సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) లేకుండా పెంచితే ఎల్‌ఐఎఫ్ ఒక్కటే చాలదు, కణాలు నాడీకణాల వైపు జారిపోతాయి. బీఎంపీ4 కూడా తోడైతే ఆగుతాయని 2003లో ఆస్టిన్ స్మిత్ బృందం చూపించింది. ఇక్కడ అది కాపలాదారు. అదే బీఎంపీ4ను మనిషి పిండ మూలకణాలకు ఇస్తే కథ తిరగబడింది. వాటిని 1998లో తొలిసారి వేరుచేసిన జేమ్స్ థామ్సన్ ల్యాబే 2002లో ఇది గమనించింది: అవి మాయను (ప్లాసెంటాను) తయారుచేసే కణాల్లా మారిపోయాయి. (మాయ కణాలు కావు, ఉమ్మనీటి సంచి కణాలని వాదించేవాళ్లూ ఉన్నారు.)

రెండు చోట్లా తలుపు తట్టింది ఒకరే. స్మాడ్ ప్రొటీన్లు ఆ కబురును కేంద్రకంలోకి మోసిన దారీ ఒకటే. అప్పటికి ఏ జన్యువులు తెరుచుకుని ఉన్నాయన్నదే తేడా. మన ‘పెట్టు’ లాంటిదే ఇదీ. అన్నం పెట్టు, దణ్ణం పెట్టు, కేక పెట్టు: పక్కన ఏముందో చూడకుండా అర్థం చెప్పలేం.

ఎలుక వేరు, మనిషి వేరు అని సరిపెట్టుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ 2007లో, గర్భాశయ గోడకు అంటుకోకముందు కాక, అంటుకున్నాక ఎలుక పిండం నుంచి తీసిన కణాలు అచ్చం మనిషి కణాల్లాగే ఎల్‌ఐఎఫ్ వద్దని, యాక్టివిన్ అనే ఇంకో సంకేత ప్రొటీన్ కావాలన్నాయి. అంటే జాతి కన్నా పిండం వయసే పెద్ద తేడా.

మోతాదు సంగతీ అంతే. కొద్దిపాటి యాక్టివిన్ మనిషి కణాలను మూలకణాలుగానే ఉంచుతుంది. సీరం తగ్గించి, దాన్ని బాగా పెంచితే కాలేయం, క్లోమం పుట్టే లోపలి పొర వైపు నడుపుతుంది. 2014లో హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ బృందం ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలను చేసింది ఈ దారిలోనే. ఒక్కో దశలో ఒక్కో ప్రొటీన్ ఇస్తూ, ఆపుతూ, నాలుగైదు వారాలు పట్టింది.

ఏ దారీ చూపకుండా పిండ మూలకణాలను ఎలుక చర్మం కింద పెడితే ఎముక, నాడి, చర్మం కలగాపులగంగా ఉన్న టెరటోమా గడ్డ వస్తుంది. మన ఊళ్లలో ప్రకటనలిచ్చే క్లినిక్‌లు వాడేవి ఎక్కువగా కొవ్వు, మజ్జ కణాలు కాబట్టి ఆ గడ్డ భయం వాటికి అంతగా వర్తించదు. అయినా ‘ఇంజెక్షన్ ఇస్తే అవే వెళ్లి కావలసినట్టు మారతాయి’ అన్న హామీకి ఆధారమేది? ఎంత మోతాదు, ఏ దశ, ఏ వరుస అని అడగండి. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావేవీ ప్రామాణిక చికిత్స కావని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెప్పాయని కూడా గుర్తుచేయండి.