ముసలి ల్యాప్‌టాప్‌కు వైఫై యోగం

దేశంలో తీరని సమస్యలు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ సంఘాలున్నాయి, ధర్నాలున్నాయి, టీవీ చర్చలున్నాయి. పాపం ఒక్కదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 1990ల నాటి ల్యాప్‌టాప్‌లకు వైఫై లేదు. ఈ అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేవడం బాధ్యతగా భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉదాహరణకు ఐబీఎం వాళ్లు 1995లో తెచ్చిన థింక్‌ప్యాడ్ 701ని తీసుకోండి. మూత ఎత్తుతుంటే కీబోర్డు రెండు ముక్కలూ జరుక్కుంటూ పక్కలకు వచ్చి, ఒక్కటై కూర్చుంటాయి. మూత వేస్తే మళ్లీ లోపలికి సర్దుకుంటాయి. ముద్దుగా సీతాకోకచిలుక అన్నారు. న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాళ్లు ఒకదాన్ని తీసుకెళ్లి దాచుకున్నారు. మ్యూజియంలో ఉన్నది సుఖంగా ఉంది. మనలాంటి వాళ్ల చేతికి చిక్కినవాటికే ఈ కష్టాలన్నీ.

అదే ఏడాది ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అంటే ఈ యంత్రమూ, మన ఇంటర్నెట్టూ ఒక ఈడువే. ఒకటి ఫోన్ లైను మీంచి ఫైబర్ దాకా ఎదిగింది, రెండోది అటకెక్కింది. దింపి మూత తడితే పైనున్న మెత్తటి రబ్బరు పూత కరిగి, అయిదు వేళ్లకూ నల్లగా అంటుకుంటుంది. స్పిరిట్ పెట్టి తుడిస్తే పూతా పోతుంది, దాంతోపాటు చేతి గుడ్డా పోతుంది. కంప్యూటర్ దుకాణాల అడ్డా అయిన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పట్టుకెళితే కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీన్ని బాగుచేయాలా, తూకానికి వేయాలా?" అని వినయంగా అడుగుతాడు. ఈ తరానికి వారసత్వం విలువ తెలియదు.

వైఫై పెట్టడానికి పెద్దలు ఆమోదించిన మొదటి మార్గం పీసీఎంసీఐఏ కార్డు. పాత ల్యాప్‌టాప్‌లకు అదనపు సౌకర్యాలు తగిలించే బిళ్ల అది, పక్కన ఉండే సందులో దూర్చాలి. అందులోనూ కులాలున్నాయి: ఈ యంత్రానిది 16 బిట్ సందు, తర్వాత వచ్చిన 32 బిట్ కార్డ్‌బస్ కార్డులు అందులోకి పోవు. బలవంతంగా తోస్తే లోపలి పిన్ను వంగుతుంది, దాంతో కథ ముగుస్తుంది. కాబట్టి లూసెంట్ ఓరినోకో లాంటి పాతకాలం కార్డే వెతకాలి. దొరికింది, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరూ దొరికింది, దీపం పచ్చగా వెలిగింది అనుకుందాం. అప్పుడు తెలుస్తుంది, విండోస్ 95లో ఆ కార్డుకు వచ్చిన వైఫై తాళం, అంటే సమాచారాన్ని పరులు చదవకుండా గుప్తం చేసే పద్ధతి, పాత వెప్ ఒక్కటేనని. ఆ తాళంలో లోపముందని 2001లోనే పండితులు తేల్చారు. 2007లో జర్మనీ పరిశోధకులు నిమిషం లోపే విప్పి చూపించారు.

ఇక్కడే మనిషి నిబద్ధత బయటపడుతుంది. బలహీనుడు ఇక్కడ ఆగిపోతాడు. నిజమైన సాధకుడు ఇంట్లో రౌటర్‌నే వెప్‌కు దించేస్తాడు. కొత్త ఫోన్లు భద్రత సరిగా లేదని మొత్తుకుంటాయి, టీవీ అలుగుతుంది, ఇంటావిడ ఆఫీసు మీటింగు మధ్యలో తెగిపోతుంది. "ఏవండీ, మళ్లీ ఏం చేశారు?" అని లోపలి గదిలోంచి కేక వినిపిస్తుంది. సంస్కర్తలకు ఇంట్లో వ్యతిరేకత కొత్త కాదు.

పదేళ్లు చిన్నవైన ల్యాప్‌టాప్‌లకు ఈ బాధ లేదనుకుంటే పొరపాటు. థింక్‌ప్యాడ్ టీ60 కాలం వాటిలో కొత్త వైఫై కార్డు బిగించి స్విచ్ వేస్తే, యంత్రాన్ని నిద్రలేపే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి ముందుగా గోత్రం అడుగుతాడు. తన జాబితాలో ఉన్న సంబంధమైతే సరే. లేదంటే 1802 అనే నంబరు వేసి, అనుమతి లేని కార్డు పెట్టారు, తీసేయండి అని అక్కడే కూర్చుంటాడు. కార్డు మంచిదే, సందూ సరిపోయింది, అయినా ముహూర్తం కుదరదు. దీనికి విరుగుడుగా కొందరు బయాస్‌నే మార్చేస్తారు. సగంలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఇటుక అవుతుంది. అందుకే ఆ పని వేసవిలో పెట్టుకోవద్దని మనవి.

రెండో మార్గం నాకు ప్రాణం. ఆ కాలపు యంత్రాల వెనక 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. దానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 అనే చైనా చిప్పు తగిలించాలి. బొటనవేలంత ఉంటుంది, రెండొందల రూపాయలకు అటూ ఇటూ. మధ్యలో వోల్టేజీ తగ్గించే మ్యాక్స్3232 అనే ముక్క పెట్టడం మరిచారో, చిప్పు పొగ రూపంలో వెళ్లిపోతుంది. అన్నీ సరిగా కుదిరితే ఆ చిప్పు ఫోన్ లైను మీద నెట్ కలిపే పాత డయలప్ మోడెం వేషం కడుతుంది. వైఫై తాళాల సంగతంతా తనే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో డయల్ చేయమనే ఆజ్ఞ ఏటీడీటీ అని కొట్టి, ఫోన్ నంబరుకు బదులు సర్వరు చిరునామా ఇస్తే, కాసేపటికి కనెక్ట్ అని వస్తుంది. ఏదో ఊరికి ట్రంకాల్ కలిసిందని యంత్రం సంబరపడుతుంది. ఆ వేషం వేసిన చిప్పు వేగం 80 మెగాహెర్ట్జ్. ఇంత పరివారం పెట్టి మనం సేవిస్తున్న 701సీలో ప్రాసెసర్ మహా అయితే 75. ఈ విషయం ల్యాప్‌టాప్ ఉన్న గదిలో పైకి అనకూడదు.

సీరియల్ పోర్టులో సెకనుకు 1,15,200 బిట్లు పోతాయి. ఒక మామూలు వార్తల పేజీ రెండు ఎంబీలున్నా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ కూడా వృథానే, ఎందుకంటే ఇప్పటి సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ అనే తాళం వేసిన దారినే అడుగుతాయి, వాళ్లు వాడే తాళాల పేరు కూడా ఈ యంత్రం విని ఉండదు. దానికి మధ్యవర్తిగా పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే ఓ అరచేతి కంప్యూటర్ పెట్టాలి. అది పేజీ తెచ్చి, తాళం విప్పి, బొమ్మలు కుదించి, మెత్తగా చేసి అందిస్తుంది. అలా ఒక కంప్యూటర్‌ను నెట్‌లోకి పంపడానికి దానికంటే బలమైన కంప్యూటర్లు రెండు కాపలా. మంత్రిగారి కాన్వాయ్‌ని ఏనాడూ ప్రశ్నించని వాళ్లు దీన్ని మాత్రం వృథా ఖర్చంటారు.

ఫలితం అద్భుతం. తెలుగు పత్రిక పేజీ తెరిస్తే విండోస్ 95కు మన లిపి తెలియదు కాబట్టి తెర నిండా వరసగా ప్రశ్నార్థకాలు. రాజకీయ వార్తలను ఇంత నిజాయితీగా చూపించిన యంత్రం నేను మరొకటి చూడలేదు.

ఇంతటి మహోద్యమానికీ ద్రోహులున్నారు. ఆ మధ్య మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "ఆ సందులో తీగతో నెట్ కలిపే 16 బిట్ లాన్ కార్డు పెట్టండి, ఒక చిన్న ట్రావెల్ రౌటర్‌ను బ్రిడ్జిగా పెట్టి తీగ కలపండి. వైఫై తాళాల గొడవంతా అదే చూసుకుంటుంది, ఇంట్లో రౌటర్ జోలికి పోనక్కర్లేదు, పది నిమిషాల పని" అని రాశాడు. ఫొటో కూడా పెట్టాడు, పనిచేస్తోంది. పది నిమిషాల్లో అయిపోతే ఆదివారమంతా మేం ఏం చేయాలో మాత్రం రాయలేదు. అడ్మిన్లం అందరం కూర్చుని ఏకగ్రీవంగా ఆయన్ని గ్రూపులోంచి తీసేశాం.