పెట్టె లిమిటెడ్ అయితే సరే, కథ కూడానా?

మా ఇంట్లో పుస్తకాల బీరువా పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. మందపాటి అట్ట, మీద మెరిసే రంగుల్లో బొమ్మ. లోపల సగంలో ఒక యానిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ మొదటి 12 ఎపిసోడ్ల డిస్కులున్నాయి. మిగతా సగంలో ఒక ఖాళీ డబ్బా ఉంది. రెండో భాగం కొన్నాక దాన్ని తీసేసి ఆ చోట డిస్కులు పెట్టుకోమని అమ్మినవాళ్లే పెట్టి ఇచ్చారు. నేను అమెరికాలో ఉన్నప్పుడు కొన్నది అది. రెండో భాగం లిమిటెడ్ ఎడిషన్‌కి ప్రీ ఆర్డర్ మొదలైన రోజు ఆఫీసు పనిలో పడి చూసుకోలేదు, రాత్రి ఇంటికొచ్చి చూస్తే అయిపోయింది. రెండు రోజులు తిరక్కుండానే అదే పెట్టె సెకండ్‌హ్యాండ్ సైట్లో రెండున్నర రెట్లు ధరకి కనబడింది, అప్పటికి అసలు విడుదలే కాలేదు. పెద్ద హీరో సినిమాకి మొదటి రోజు కౌంటర్లో టికెట్లు లేవంటారు, పక్క సందులో బ్లాకులో మాత్రం ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, అచ్చం అలాగే.

లిమిటెడ్ అనే మాటతో నాకు పేచీ లేదు. గట్టి పెట్టె, ఆర్ట్ బుక్, కార్డులు, కొత్తగా గీయించిన ముఖచిత్రం, వీటన్నిటికీ ఖర్చవుతుంది. అమ్ముడుపోకపోతే గోడౌన్‌లో పడి ఉంటాయి కాబట్టి లెక్క చూసుకుని కొన్నే వేస్తామంటే అర్థం చేసుకోగలను. నా కోపమంతా ఇంకోచోట ఉంది. దర్శకుడూ గొంతు ఇచ్చినవాళ్లూ కలిసి కూర్చుని ఎపిసోడ్ చూస్తూ మాట్లాడిన ఆడియో, పాత డబ్బింగ్ ట్రాక్, స్టోరీబోర్డుల పుస్తకం, టీవీలో రాని ఎపిసోడ్, ఇవన్నీ ఆ సిరీస్‌లో భాగమే, దాన్ని ప్రేమించేవాళ్లకి అవసరమైనవే. వాటిని కూడా మొదటి విడత పెట్టెలోనే బిగించి, తర్వాత వచ్చే మామూలు ఎడిషన్‌లోంచి పీకేస్తే, ఆ వారం డబ్బులు లేనివాడికి, ఆ ఏడాది ఇంకా పదో తరగతిలో ఉన్నవాడికి ఆ సిరీస్ ఎప్పటికీ సగమే దొరుకుతుంది.

డిస్కు ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి బకెమోనొగతారి ఒక్కటి చాలు. 2009లో షాఫ్ట్ స్టూడియో తీసిన ఈ సిరీస్ టీవీలో వచ్చినప్పుడు కొన్ని సీన్లు పూర్తికాకుండానే ప్రసారమయ్యాయి. చివరి మూడు ఎపిసోడ్లు టీవీలో రానే లేదు, తర్వాత ఇంటర్నెట్‌లో వదిలారు. బ్లూరే (డీవీడీ కంటే స్పష్టంగా కనబడే డిస్కు) వేసేటప్పుడు చాలా చోట్ల బొమ్మలు సరిచేసి, వదిలేసినవి పూర్తి చేశారు. అంటే టీవీలో జనం చూసింది చిత్తుప్రతి, తీసినవాళ్లు ఇదీ మా పని అని చేతిలో పెట్టింది డిస్కులో ఉన్నది. అలాంటి వస్తువుని జ్ఞాపికలాగా, షోకేసు బొమ్మలాగా అమ్మడం నాకు మింగుడుపడదు.

ఈ అలవాటు జపాన్‌లో ఎలా పాతుకుపోయిందో చూస్తే కొంత అర్థమవుతుంది. అక్కడ అర్ధరాత్రి వచ్చే యానిమేలకి చాలావరకు పెట్టుబడి పెట్టేది కమిటీ: పుస్తకాల కంపెనీ, పాటల కంపెనీ, వీడియో కంపెనీ, ఆటబొమ్మల కంపెనీ కలిసి డబ్బులేస్తాయి. టీవీలో ఆ టైమ్ కొనుక్కుని ప్రసారం చేయించుకుని, పెట్టింది డిస్కుల మీద రాబట్టుకోవడం చాలా ఏళ్లపాటు నడిచిన పద్ధతి. ఒక్కో డిస్కులో రెండే ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్లు. 12 ఎపిసోడ్ల సిరీస్ మొత్తం కొనాలంటే నలభై వేల యెన్ల మాట. అంత ధర పెట్టి కొనేవాళ్లు కొన్ని వేల మందే ఉంటారు కాబట్టి, కొత్తవాళ్లని తెచ్చుకునే బదులు ఉన్నవాళ్ల దగ్గరే ఇంకొంచెం పిండుకోవడం కంపెనీలకి అలవాటైపోయింది.

మొదటి విడత డిస్కులో, గొంతు ఇచ్చినవాళ్లు వచ్చే ఈవెంట్ టికెట్ల లాటరీకి దరఖాస్తు చీటీ పెడతారు. ఒక షాపులో కొంటే ఒక పోస్టరు, ఇంకో షాపులో కొంటే ఇంకో బొమ్మ, అన్నీ కావాలంటే ఒకే డిస్కు నాలుగు చోట్ల కొనాలి. 2021లో ఉమా ముసుమే అనే యానిమే రెండో సీజన్ మొదటి బ్లూరేతో మొబైల్ గేమ్‌లో వాడుకునే కోడ్ ఇచ్చారు, అమ్మకాలు లక్ష దాటాయి. ఆ లక్ష మందిలో ఎంతమంది డిస్కుని ప్లేయర్లో పెట్టి ఉంటారు? చీటీ తీసుకుని డిస్కు వదిలించుకునేవాళ్లు ఎక్కువైతే సెకండ్‌హ్యాండ్ షాపులు నిండిపోతాయి, ఏ చీటీ లేకపోయినా ఆ సిరీస్‌నే కోరుకునేవాడికి మాత్రం మొదటి రోజు ఏదీ మిగలదు. చీటీ కోసం డిస్కు అమ్మడం మొదలయ్యాక డిస్కులో ఏముందన్నది ఎవరికీ పట్టని విషయమైపోయింది, అదే నాకు అన్నిటికంటే బాధ.

జపాన్ బయట ఉన్నవాళ్ల కష్టం వేరే. ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో రీజియన్ల పేరుతో ప్రపంచాన్ని విడగొట్టారు. డీవీడీల కాలంలో అమెరికా ఒకటో రీజియన్, జపాన్ రెండో రీజియన్. బ్లూరేకి వచ్చేసరికి రెండూ ఒకే ‘ఎ’ రీజియన్‌లోకి వచ్చాయి. అమెరికాలో చవగ్గా వేస్తే జపాన్‌వాళ్లు అక్కణ్నుంచి తెప్పించుకుంటారని జపాన్ కంపెనీలకి భయం పట్టుకుంది. ఆ భయానికి మూల్యం కట్టింది అమెరికా అభిమానులు: కొన్ని ఆలస్యంగా వచ్చాయి, కొన్నిట్లో జపనీస్ ఆడియో పెడితే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తీసేయడానికి వీల్లేకుండా లాక్ చేశారు, కొన్నిటికి జపాన్ ధరలే పెట్టారు. 2011లో జపాన్ యానిమే కంపెనీ అనిప్లెక్స్ అమెరికా విభాగం కారా నో క్యోకాయ్ సినిమాల బ్లూరే పెట్టెని 400 డాలర్ల దాకా పెట్టి అమ్మింది. ఒక కుర్రాడు నెలంతా పార్ట్‌టైమ్ చేసి మిగుల్చుకునే డబ్బు అది.

మన దేశం బ్లూరే లెక్కలో ‘సి’ రీజియన్. నేను హైదరాబాద్ తిరిగొచ్చేటప్పుడు బట్టలు తగ్గించుకుని మరీ సూట్‌కేసు నిండా ఈ పెట్టెలు సర్దుకొచ్చాను. ఇక్కడ కొన్న ప్లేయర్లో పెడితే ఈ డిస్కు మీ ప్రాంతానికి కాదని స్క్రీన్ మీద ఒక ముక్క చూపించి ఆగిపోయింది. డబ్బులిచ్చి కొన్న డిస్కు, నా సొంత ఇంట్లో, నా టీవీ మీద. చివరికి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ వెతికి తెప్పించుకున్నాను.

ఇంకోసారి ఒక పెట్టె పార్సిల్ విప్పేముందే గలగలమంది. కేసు లోపల డిస్కుని పట్టి ఉంచే నడిమి పళ్లు విరిగి, డిస్కు ఊడి, దారి పొడవునా ఆ ముక్కల మీదే రాసుకుంటూ వచ్చింది. వెలుతురుకి పట్టుకుంటే అంచు దగ్గర అర్ధచంద్రాకారంలో గీత. షాపువాళ్లకి ఫోటోలు పంపితే మర్నాడే జవాబొచ్చింది: డబ్బులు వెనక్కిచ్చేస్తాం, ఇంకో కాపీ లేదు, పెట్టె తిరిగి పంపండి. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కానీ ఆ డబ్బుతో నేనేం కొనుక్కోవాలి? అది బయట ఎక్కడా లేదు. పంపకుండా ఉంచేసుకున్నాను. ఏడో ఎపిసోడ్‌లో పన్నెండో నిమిషం దగ్గర బొమ్మ బిగుసుకుపోతుంది, దాటించి చూస్తాను.

ఇంత గొడవెందుకు, స్ట్రీమింగ్ ఉందిగా అంటారు. అమెరికాలో యానిమే డిస్కులు అమ్మిన ఫ్యూనిమేషన్ వాటితో పాటు, యాప్‌లో చూసుకునే డిజిటల్ కాపీకి కోడ్‌లు ఇచ్చేది. సోనీ కిందికి వచ్చిన ఆ సంస్థని క్రంచీరోల్ అనే యానిమే స్ట్రీమింగ్ సంస్థలో కలిపేశాక 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్ మూసేశారు, జనం దాచుకున్న ఆ డిజిటల్ కాపీలు కొత్త చోటికి రాలేదు. డిస్కు ఉంచుకున్నవాళ్ల దగ్గర ఉంది, కోడ్‌ని నమ్ముకున్నవాళ్ల దగ్గర ఏమీ లేదు. ఇది మనకీ తగిలే విషయమే. క్రంచీరోల్‌లో ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌లు వస్తున్నాయి, 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ సినిమా మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. మా అక్క కొడుకు ఆ డైలాగులు తెలుగులోనే అప్పజెబుతాడు. ఆ తెలుగు ట్రాక్‌లు డిస్కు మీదికి ఎక్కకపోతే, హక్కుల ఒప్పందం ముగిసిన రోజున వాడి చిన్నతనంలో ఒక ముక్క ఎటుపోతుందో ఆలోచించండి.

దారి లేక కాదు. అమెరికాలో యానిమైగో అనే డిస్కుల కంపెనీ 2013లో బబుల్‌గమ్ క్రైసిస్ అనే పాత యానిమే బ్లూరే కోసం ముందే జనం దగ్గర డబ్బు పోగు చేసింది, 75 వేల డాలర్లు అడిగితే దానికి రెట్టింపు దాకా వచ్చింది. అడిగినవాళ్లెందరో ముందే తెలిస్తే గోడౌన్ భయం ఉండదు, బ్లాకు వ్యాపారానికీ చోటు తగ్గుతుంది. జపాన్‌లో బండాయ్ కంపెనీ ఆన్‌లైన్ షాపు ప్రీమియం బండాయ్ ఆటబొమ్మలకి ఫలానా తారీఖు దాకా ఆర్డర్లు తీసుకుని ఆ మేరకే తయారుచేస్తుంది. డిస్కులకీ ఒక నెల తలుపు తెరిచి పెడితే ఆఫీసులో ఉన్నవాడికీ అందుతుంది. అమెరికాలోని డిస్కోటెక్ మీడియా అనే కంపెనీ పాత సిరీస్‌లని మొత్తం ఒకే బ్లూరే మీద సర్ది అందుబాటు ధరకి అమ్ముతోంది, పెట్టె సాదాగా ఉంటుంది, అయినా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. ఆడియో కామెంటరీ, సరిచేసిన బొమ్మ, పాత డబ్బింగ్ ఈ సాదా డిస్కులోనూ ఉంచండి. అట్ట, కార్డులు, నంబరు వేసిన స్టిక్కరు ముందొచ్చినవాళ్లకి ఇచ్చుకోండి, నేను ఒక్క మాటనను.

ఆ సిరీస్ రెండో భాగం మామూలు ఎడిషన్ పోయినేడాది కొన్నాను. కథ పూర్తయింది, కామెంటరీ ట్రాక్ మాత్రం లేదు. కేసు రంగు వేరు, ఆ అట్టపెట్టెలో పెట్టబుద్ధి కాలేదు, పక్కనే నిలబెట్టాను. ఖాళీ డబ్బా ఇంకా లోపలే ఉంది.